సిలబస్ కమిటీలకు బహిరంగ లేఖ: కొత్తది కట్టించకండి, ఉన్నదాన్ని మార్పించండి

విశ్వవిద్యాలయాల్లో ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ పాఠ్యాంశాలు ఖరారు చేసే కమిటీల సభ్యులకు, ఆ కోర్సు చెప్పే అధ్యాపకులకు నమస్కారం.

నేను ‘ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ డిజైన్ అండ్ ఇంప్లిమెంటేషన్’ అనే పేపరు చదివి ప్యాసైనవాణ్ని. ఇప్పుడు ఆ పనే చేసి బతుకుతున్నాను. కొత్తగా చేరే పట్టభద్రులకు మొదటి కొన్ని నెలలు పని నేర్పే బాధ్యత కూడా నాదే. వాళ్లకు ఏం వచ్చు, ఏం రాదు అన్నది రోజూ కళ్లముందే కనబడుతుంటుంది కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఫిర్యాదుల చిట్టా విప్పను. అడిగేది ఒక్కటే. సెమిస్టర్ ప్రాజెక్టును ఖాళీ కాగితం మీద మొదలుపెట్టించడం మానండి. ఎవరో కట్టిన, ఇంకెవరో నిజంగా వాడుతున్న సిస్టమ్‌ను విద్యార్థుల చేతిలో పెట్టి, దాన్ని మార్పించండి. మార్కులు ఆ మార్పుకు వేయండి.

ఇప్పుడు జరుగుతున్నదేంటో మీకు తెలియంది కాదు. మొదటి వారంలో నలుగురేసి గ్రూపులు పడతాయి. లైబ్రరీ మేనేజ్‌మెంట్, హాస్పిటల్ మేనేజ్‌మెంట్, స్టూడెంట్ ఇన్ఫర్మేషన్, ఇలా ఏదో ఒక టైటిల్ దొరుకుతుంది. రిక్వైర్‌మెంట్లు, అంటే వాడేవాళ్లకు ఏం కావాలన్నది, ఎవరినీ అడిగి రాసుకోరు, కూర్చుని ఊహించుకుంటారు. లాగిన్ పేజీ, అడ్మిన్ పేజీ, యాడ్, ఎడిట్, డిలీట్. రేపు సబ్మిషన్ అనగా అసలు హడావుడి మొదలవుతుంది. అప్పటికే నడుస్తున్న టేబుళ్ల మీద ఏదో టూల్ ప్రయోగించి ఈఆర్ డయాగ్రమ్ (ఏ సమాచారానికి ఏది సంబంధమో చూపే పటం) బయటికి లాగుతారు. ప్రోగ్రాము భాగాలను చూపే క్లాస్ డయాగ్రమ్ కూడా కోడ్ కడుపులోంచే పుడుతుంది. రిపోర్టులో మాత్రం మూడో అధ్యాయం డిజైన్, నాలుగో అధ్యాయం ఇంప్లిమెంటేషన్ అని బుద్ధిగా వరసలో ఉంటాయి. ‘మేము అజైల్ పద్ధతి పాటించాం’ అని, అంటే కొంచెం కొంచెంగా కట్టి వాడేవాళ్లకు చూపిస్తూ మార్చుకుంటూ పోయామని, ఒక వాక్యం ఎక్కడో తప్పక ఉంటుంది. బొమ్మ ముందా, టేబుల్ ముందా అని వైవాలో ఎవరూ అడగరు.

పిల్లల్ని తప్పుపట్టి లాభం లేదు. ఆ బొమ్మతో వాళ్లకు ఎప్పుడూ అవసరం పడలేదు. సబ్మిట్ చేసిన మర్నాటి నుంచి ఆ సిస్టమ్‌ను తెరిచే నాథుడే ఉండడు. ఎవరూ తెరవని సిస్టమ్‌కు డిజైన్ బాగుంటే ఎంత, బాగోకపోతే ఎంత?

విచిత్రమేంటంటే, మీరు క్లాసులో చెప్పే సిద్ధాంతంలో చాలాభాగం మార్పు తెచ్చిపెట్టిన తలనొప్పి లోంచే పుట్టింది. ఐబీఎం పరిశోధకుడు ఎడ్గర్ కాడ్ 1970లో డేటాను టేబుళ్లుగా చూసే రిలేషనల్ మోడల్ ప్రతిపాదించినప్పుడు ఆయన ముందున్న సమస్య నార్మల్ ఫారాలు (టేబుళ్లను ఎలా విడగొట్టాలో చెప్పే నియమాలు) కంఠస్థం చేయించడం కాదు. డేటా లోపల ఏ వరసలో ఉంది, ఏ ఇండెక్స్ ఉంది, ఏ దారిన వెళితే దొరుకుతుంది అన్నవన్నీ ప్రోగ్రాములు పట్టుకుని వేలాడుతుండేవి. లోపల ఏది కదిలించినా పైన ప్రోగ్రాములు చెడిపోయేవి. ఆ ముడి విప్పడానికే ఆ మోడల్. 1972లో సాఫ్ట్‌వేర్ పరిశోధకుడు డేవిడ్ పార్నస్ ఒకే చిన్న ప్రోగ్రామును రెండు రకాలుగా విడగొట్టి చూపించాడు. ఒకటి ఫ్లోచార్టులో పనులు జరిగే వరసను బట్టి, రెండోది మున్ముందు మారే అవకాశమున్న నిర్ణయాలను ఒక్కో మాడ్యూల్‌లో దాచిపెట్టి. రెండూ పనిచేస్తాయి. తేడా కనబడేది ఏదైనా మార్చాల్సి వచ్చినప్పుడే. మన విద్యార్థికి మార్చాల్సిన పని ఎప్పుడూ రాదు కాబట్టి, పార్నస్ చెప్పింది అతనికి ఐదు మార్కుల జవాబుగా తప్ప ఇంకే రకంగానూ అందదు.

‘వాటర్‌ఫాల్’ పద్ధతికి, అంటే ఒక దశ పూర్తయ్యాకే తర్వాతి దశకు దిగే పద్ధతికి, మూలపురుషుడని చెప్పుకునే విన్‌స్టన్ రాయిస్ సంగతి ఇంకా తమాషా. 1970 నాటి ఆయన వ్యాసంలో మెట్లమెట్లుగా దిగే ఆ బొమ్మ ఉన్నమాట నిజమే. దాని కిందే, ఇలా కడితే రిస్కే, వైఫల్యాన్ని పిలిచి పీట వేసినట్టే అన్న అర్థం వచ్చేలా రాశాడు. కొత్తరకం ప్రోగ్రామయితే ముందు ఒకసారి నమూనాగా కట్టి చూసుకుని, రెండోసారి కట్టినదాన్ని కస్టమర్‌కి ఇవ్వమన్నాడు. ‘వాటర్‌ఫాల్’ అన్న మాట ఆ వ్యాసంలో ఎక్కడా లేదు. మన ప్రశ్నపత్రంలో మాత్రం ‘వాటర్‌ఫాల్ మోడల్‌ను పటం సహాయంతో వివరించుము’ అని ఏటేటా వస్తూనే ఉంటుంది.

అంకెలు కావాలంటే అవీ ఉన్నాయి. బెన్నెట్ లీంట్జ్, బర్టన్ స్వాన్సన్ అనే ఇద్దరు పరిశోధకులు 487 సంస్థలను సర్వే చేసి 1980లో ఫలితాలు ప్రచురించారు. సాఫ్ట్‌వేర్ సిబ్బంది సమయంలో దాదాపు సగం ఉన్న సిస్టమ్‌ల నిర్వహణకే పోతోందని తేలింది. మెయింటెనెన్స్ అంటే బగ్గులు దిద్దడమే అనుకుంటాం కదా, అది అందులో సుమారు ఐదోవంతే. సగానికి పైగా పని ఉన్నదాన్ని మెరుగుపరచడానిది, అందులోనూ ఎక్కువభాగం వాడేవాళ్లు ‘ఇది ఇలా కావాలి, అది అలా ఉండాలి’ అని అడిగిన మార్పులది. సర్వే పాతదే. కానీ నా చుట్టూ చూస్తే, ఖాళీ ఫోల్డర్‌తో రోజు మొదలుపెట్టే మనిషి ఒక్కడూ కనబడడు. ఉద్యోగంలో చేరిన ప్రతి పట్టభద్రుడికీ మొదటిరోజు దొరికేది ఇంకొకరి కోడ్, ఇంకొకరి టేబుళ్లు, ఆ ఇంకొకరు ఎప్పుడో మానేసి వెళ్లిపోయారన్న వార్త.

ఇక మీరు చేయించే లైబ్రరీ ప్రాజెక్టునే తీసుకుని చూపిస్తాను. అది మామూలుదని నేను అనను, అడిగితే చాలా చెప్పగల ప్రాజెక్టు అది. ‘బుక్’ ఒక టేబుల్, ‘మెంబర్’ ఒక టేబుల్, మధ్యలో ‘ఇష్యూ’. ఆలస్యమైతే రోజుకింత జరిమానా. ఆ అంకె ప్రోగ్రాములో ఒకచోట రాసి పడేసి ఉంటుంది. నడుస్తుంది, చూపిస్తే మార్కులు కూడా పడతాయి. ఇప్పుడు ఆరో వారంలో మీరు క్లాసుకొచ్చి ఒక్క మాట అనండి: “వచ్చే నెల ఒకటి నుంచి జరిమానా రెట్టింపు.”

అంకె మార్చేస్తారు. నిమిషం పని. అప్పుడడగండి, ఒక పుస్తకం గడువు ఈ నెల 20న తీరింది, తిరిగొచ్చింది వచ్చే నెల 5న. ఎంత కట్టాలి? నెలాఖరు దాకా పాత రేటు, తర్వాత కొత్త రేటా? లేక పుస్తకం తిరిగొచ్చిన రోజున్న రేటే మొత్తానికీ వర్తిస్తుందా? ఈ ప్రశ్నకు జవాబు కోడ్‌లో లేదు, పాఠ్యపుస్తకంలో లేదు, లైబ్రేరియన్ దగ్గరుంది. ఒక్కోసారి ఆవిడ దగ్గర కూడా ఉండదు, ఎందుకంటే అంతకుముందు ఎవరూ అడిగి ఉండరు. రిక్వైర్‌మెంట్ అనేది ఎక్కడో రెడీగా కూర్చుని ఉండదని, మనం అడిగితేనే కొన్ని నిర్ణయాలు పుడతాయని విద్యార్థికి ఆ క్షణంలో తెలుస్తుంది. ఎన్ని స్లయిడ్లు చూపించినా అంతగా తెలియదు.

ఇంకో ప్రశ్న. పోయినేడాది జరిమానాల రిపోర్టును ఇవాళ మళ్లీ తీస్తే అప్పుడు వసూలైన మొత్తమే వస్తుందా? జరిమానాను ఎక్కడా నమోదు చేయకుండా, రిపోర్టు తీసినప్పుడల్లా తేదీల తేడాను రేటుతో గుణించే డిజైన్ అయితే రాదు. రేటు మార్చిన మరుక్షణం పాత లెక్కలన్నీ రెట్టింపవుతాయి. నగదు పుస్తకంలో ఒక అంకె, రిపోర్టులో ఇంకో అంకె. అప్పుడు గానీ రేటుకు సొంత టేబుల్ ఉండాలని, అందులో ‘ఎప్పటి నుంచి, ఎప్పటి దాకా’ అనే తేదీలుండాలని, వసూలైన సొమ్మును వసూలైన రోజే రాసి పెట్టుకోవాలని తట్టదు. నార్మలైజేషన్ క్లాసులో ‘లెక్కగట్టి తెచ్చుకోగల విలువను దాచకూడదు’ అని చెప్పి ఉంటారు. ఆ సూత్రం ఎక్కడ ఆగిపోతుందో ఈ జరిమానా చూపిస్తుంది.

తర్వాత, ఒకే పుస్తకానికి ఐదు ప్రతులు. ‘బుక్’ టేబుల్‌లో ‘ప్రతుల సంఖ్య: 5’ అని కాలమ్ పెట్టుకున్న గ్రూపును, ‘అందులో ఒకటి పోయింది, ఏది పోయింది? ఎవరి చేతిలో పోయింది?’ అని అడిగితే గ్రూపంతా ఒకరి మొహాలొకరు చూసుకుంటారు. పుస్తకం వేరు, ప్రతి వేరు అని పీటర్ చెన్ 1976లో ఈఆర్ మోడల్ ఇచ్చినప్పటి నుంచి చెబుతున్న పాఠమే. అయినా ప్రతి పోయాకే అది బుర్రకెక్కుతుంది. డిలీట్ బటన్ కూడా అంతే. కోర్సు పూర్తిచేసి వెళ్లిపోయిన సభ్యుణ్ని డిలీట్ కొడితే అతను తీసుకున్న పుస్తకాల చరిత్ర కూడా పోవాలా? పోతే గతేడాది లెక్కలు తప్పుతాయి, పోకపోతే ఎర్రర్ వస్తుంది. రెండు కౌంటర్లలో ఒకే ప్రతిని ఒకేసారి ఇష్యూ చేయబోతే ఏమవుతుందన్నది సరే, ట్రాన్సాక్షన్ల పాఠంలో ఎలాగూ వస్తుంది, వదిలేస్తున్నాను.

జరిమానా లెక్కలకు ఇంత రాద్ధాంతమా అనిపించవచ్చు. ఆస్ట్రేలియాలో ‘రోబోడెట్’ అని పేరుపడ్డ వ్యవహారం చూడండి. అక్కడ సంక్షేమ సాయానికి అర్హత రెండు వారాల పక్షాన్ని బట్టి లెక్కేస్తారు. ఆ రెండు వారాల్లో ఎంత సంపాదించావన్నదే లెక్క. పన్నుల శాఖ దగ్గరున్నది ఏడాది మొత్తం ఆదాయం. ఎక్కువ సాయం తీసుకున్నవాళ్లను పట్టుకోవడానికి, ఏడాది ఆదాయాన్ని 26 పక్షాలకు సమానంగా పంచి, సాయం రికార్డులతో పోల్చే పద్ధతిని 2016 నుంచి పెద్దయెత్తున ఆటోమేట్ చేశారు.

ఒక మనిషిని ఊహించుకోండి. మొదటి 13 పక్షాలు పనిచేశాడు, పక్షానికి 2,000 డాలర్లు. ఏడాది ఆదాయం 26,000. తర్వాతి 13 పక్షాలు పని లేదు, నిబంధన ప్రకారమే సాయం తీసుకున్నాడు. ఇప్పుడు 26,000ను 26తో భాగించండి. పక్షానికి 1,000. అంటే పని లేని పక్షాల్లో కూడా 1,000 సంపాదిస్తూనే సాయం తీసుకున్నట్టు తేలింది. లేని అప్పు పుట్టింది. ఆ అప్పు లేదని నిరూపించుకునే భారం, ఎప్పటివో జీతం స్లిప్పులు వెతుక్కునే భారం అతని నెత్తిన పడింది.

ఇందులో భాగహారం తప్పు లేదు. టెస్టింగ్ చేసినా ప్రోగ్రాం ప్యాసవుతుంది. రెండు టేబుళ్లలోనూ ‘ఆదాయం’ అనే కాలమ్ ఉంది, రెండూ సంఖ్యలే. ఒకటి ఏడాదిది, ఇంకొకటి రెండు వారాలది. 2019లో ఆ పద్ధతికి చట్టం అండ లేదని ప్రభుత్వమే కోర్టులో ఒప్పుకుంది. 2020 మేలో 4,70,000 అప్పుల తాలూకు 72 కోట్ల డాలర్లకు పైగా సొమ్ము తిరిగి ఇస్తామని ప్రకటించింది. 2023లో దాని మీద వేసిన రాయల్ కమిషన్ (ప్రభుత్వ విచారణ సంఘం) నివేదిక వచ్చింది. పాపమంతా డిజైనర్లదే అనను, పై స్థాయిలో జరిగినదాని మీద ఆ కమిషన్ చాలా రాసింది. కానీ మన సిలబస్‌లో ‘డేటా డిక్షనరీ’ అని ఒక అంశం ఉంది కదా, అందులో ఏం రాయిస్తున్నాం? ఫీల్డ్ పేరు, టైప్, లెంగ్త్. ఈ విలువ ఏ కాలానికి చెందింది, ఎవరు సేకరించారు, ఏ అవసరానికి సేకరించారు అన్న మూడు గడులు దానికి చేర్చమని అడుగుతున్నాను. ఖర్చేమీ లేని మార్పు ఇది, రేపే చేయొచ్చు.

వాడేవాళ్ల సంగతికొస్తాను. కొత్తగా చేరిన ఒక అమ్మాయిని, కోడ్ ముట్టుకోకముందే, దరఖాస్తులు తీసుకునే ఒక కౌంటర్ వెనక పూటంతా ఊరికే కూర్చోమని పంపాను. నోట్‌బుక్ నింపుకుని వచ్చింది. ఫోన్ నంబర్ ఫీల్డ్ తప్పనిసరి కాబట్టి, ఫోన్ లేనివాళ్లొస్తే గుమస్తా వరసగా తొమ్మిదులు కొట్టేస్తున్నాడు. ‘రిమార్క్స్’లో ఒక చుక్క పెడితే పత్రాలు పెండింగ్ అని, రెండు చుక్కలు పెడితే పై అధికారి చూడాలని వాళ్లలో వాళ్లకు ఒక ఒప్పందం ఉంది. మానిటర్ పక్కనే పొడుగాటి పుస్తకం ఒకటి. ఏ పత్రాలు వెనక్కిచ్చారో అందులో రాసుకుంటారు, ఎందుకంటే సిస్టమ్‌లో అది చెప్పే చోటు లేదు. “మన టేబుల్‌లో స్టేటస్‌లు మూడే ఉన్నాయి సార్, వాళ్ల దగ్గర ఏడున్నాయి” అంది. నాలుగేళ్ల చదువులో ఆ అమ్మాయి ఈఆర్ డయాగ్రమ్‌లు చాలానే గీసింది. ఒక మనిషి పనిచేస్తుంటే పక్కన కూర్చుని చూడమని మాత్రం ఎవరూ చెప్పలేదట.

ఇది కొత్త ఆలోచనేం కాదు. సిములా అనే ప్రోగ్రామింగ్ భాష సృష్టికర్తల్లో ఒకరైన క్రిస్టెన్ నైగార్డ్ 1970ల మొదట్లోనే నార్వే ఇనుము, లోహ కార్మికుల సంఘంతో కలిసి, ఫ్యాక్టరీల్లోకి వస్తున్న కంప్యూటర్ సిస్టమ్‌ల గురించి కార్మికులే చదివి, చర్చించి, తమ మాట చెప్పే పద్ధతి మొదలుపెట్టాడు. 1981లో స్కాండినేవియా ముద్రణ కార్మికుల సంఘాలతో మొదలైన యుటోపియా ప్రాజెక్టులో, కావాల్సిన పరికరాలు ఇంకా అందుబాటులో లేకపోతే అట్టపెట్టెలతో నమూనాలు చేసి, కార్మికుల చేత ఉత్తుత్తిగా పనిచేయించి చూశారు. అట్టపెట్టెలకు బడ్జెట్ లేదని ఏ విశ్వవిద్యాలయమూ అనలేదనుకుంటాను.

కోర్సు పేరులో రెండో సగం ఇంప్లిమెంటేషన్. దీన్ని మనం కోడింగ్‌గా కుదించేశాం. పాత డేటాను కొత్తదానిలోకి తేవడం, వాడేవాళ్లకు నేర్పడం, పాతదాన్ని ఎప్పుడు ఆపాలో నిర్ణయించడం, తేడా వస్తే వెనక్కి వెళ్లే దారి ఉంచుకోవడం, ఇదంతా ఇంప్లిమెంటేషనే. పుస్తకంలో ఒక పేజీ ఉంటుంది. డైరెక్ట్ (ఒకేసారి మారిపోవడం), ప్యారలల్ (పాతదీ కొత్తదీ పక్కపక్కన నడపడం), ఫేజ్డ్ (భాగాలుగా మారడం), పైలట్ (ముందు ఒక్కచోట నడిపి చూడడం) అని నాలుగు పద్ధతులు. పిల్లలు వల్లె వేస్తారు, రాస్తారు, మరిచిపోతారు.

1992 అక్టోబర్ 26న లండన్ అంబులెన్స్ సర్వీస్ ఏ కాల్‌కు ఏ అంబులెన్స్‌ను పంపాలో చూసే తన కంప్యూటర్ డిస్పాచ్ సిస్టమ్‌ను నగరమంతటికీ ఒకేసారి వర్తింపజేసింది, కాగితాల పద్ధతిని పక్కనపెట్టి. ఏ అంబులెన్స్ ఎక్కడుందో, ఖాళీగా ఉందో లేదో ఎప్పటికప్పుడు కచ్చితంగా తెలిస్తేనే ఆ సిస్టమ్ సరిగ్గా పనిచేస్తుంది. వాస్తవంలో సిబ్బంది బటన్లు నొక్కడం మరిచిపోతారు, వరస తప్పి నొక్కుతారు, రేడియో సిగ్నల్ అందదు. సిస్టమ్‌కు తెలిసిన లండన్, అసలు లండన్ మెల్లగా విడిపోయాయి. ఒకే చోటికి రెండు వాహనాలు వెళ్లడం, దగ్గర్లో ఉన్నదాన్ని వదిలి దూరంగా ఉన్నదాన్ని పంపడం మొదలైంది. హెచ్చరికల మెసేజ్‌లు గుట్టపడి, పాతవి తెర పైకి జరిగి కనబడకుండా పోయాయి. అంబులెన్స్ రాకపోయేసరికి జనం మళ్లీ ఫోన్ చేశారు, దాంతో కాల్స్ ఇంకా పెరిగాయి. మర్నాడే సగం పాత పద్ధతికి మళ్లారు. నవంబర్ 4 తెల్లవారుజామున సిస్టమ్ పూర్తిగా ఆగిపోయింది. కారణం, కొన్ని వారాల ముందు ఒక మార్పు చేస్తూ వదిలేసిన చిన్న కోడ్ ముక్క. వాడిన మెమరీని తిరిగి వదలకుండా కొంచెం కొంచెంగా తినేస్తూ వచ్చింది. ఆదుకోవాల్సిన బ్యాకప్ ఏర్పాటును కాగితాలు లేని పరిస్థితికి సరిగ్గా పరీక్షించి చూడనే లేదు.

దీన్ని కేస్ స్టడీగా చెప్పే అధ్యాపకులు చాలామందే ఉన్నారు, వాళ్లకు దండం. నా కోరిక ఇంకొంచెం ముందుకెళ్లింది. ఏదైనా ఒక వారం విద్యార్థుల సిస్టమ్‌కు తప్పుడు సమాచారం పంపండి. సగం ఎంట్రీలు ఆలస్యంగా, కొన్ని రెండుసార్లు, కొన్ని తప్పు వరసలో. పదో వారంలో ‘సర్వర్ పోయింది, నిన్నటి బ్యాకప్ నుంచి లేపండి’ అని చెప్పి గడియారం చూస్తూ నిలబడండి. బ్యాకప్ తీసుకోవడం, తీసుకున్నది తిరిగి లేవడం వేరువేరు విషయాలని చాలామందికి ఆ గంటలోనే తెలిసిపోతుంది. ఆ టెన్షన్ ఏదో క్లాసులోనే పడితే నయం.

డేటా కూడా శుభ్రంగా ఉన్నది ఇవ్వకండి. ఒకే మనిషి రెండు స్పెల్లింగులతో, నెల ముందా రోజు ముందా తేలని తేదీలు, ఇంటిపేరు గడిలో గీత పెట్టిన వరసలు, తొమ్మిదులతో నిండిన ఫోన్ నంబర్లు. ఇలాంటి కొన్ని వేల వరసల ఫైలు ఇచ్చి ‘మీ టేబుళ్లలోకి ఎక్కించండి, ఎక్కనివాటికి కారణం రాయండి’ అనండి. నిజమైన మనుషుల వివరాలు అక్కర్లేదు, ఇవ్వకూడదు కూడా. ఇలాంటి మురికి డేటాను కల్పించి తయారుచేయడం ఒక గ్రూపుకు అప్పగించినా మంచి అసైన్‌మెంటే అవుతుంది.

ఏఐ గురించి రాయకపోతే ఈ ఉత్తరం పాతకాలపుదైపోతుంది. ‘లాగిన్‌తో, జరిమానాతో లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ కావాలి, రిపోర్టు కూడా రాసిపెట్టు’ అంటే ఇవాళ ఒక టూల్ టీ తాగి వచ్చేలోపు రాసిపెడుతుంది. మన సెమిస్టర్ ప్రాజెక్టు ఎన్ని వేలసార్లు రాసినదో దానికి బాగా తెలుసు, అందుకే అంత సులువు. వాడొద్దని నిషేధించి కాపలా కాయడం జరిగే పని కాదు. ఖాళీ కాగితం మీద కట్టడాన్ని కొలవడం వల్ల ఇక విద్యార్థి గురించి మీకు తెలిసేది తక్కువ. అదే ఐదేళ్ల పాత సిస్టమ్‌లో, రెండు చుక్కల రిమార్క్స్ అర్థం కనుక్కుని, దాన్ని స్టేటస్‌గా మార్చి, పాత వరసలు చెడకుండా తీసుకురమ్మంటే? టూల్ సాయం చేస్తుంది, చేయనివ్వండి. రెండు చుక్కల అర్థం మాత్రం కౌంటర్ దగ్గరికి వెళ్లి అడిగినవాడికే తెలుస్తుంది.

మీ అభ్యంతరాలు నాకు తెలుసు. ‘పాత బ్యాచ్ కోడ్ చెత్తగా ఉంటుంది’ అన్నది మొదటిది. చెత్తగానే ఉండనివ్వండి, ఉద్యోగంలో దొరికేదీ అదే. పైగా తాము రాసింది వచ్చే ఏడాది జూనియర్లు తెరిచి చదువుతారని తెలిస్తే వేరియబుల్‌కు పేరు పెట్టేటప్పుడు చేయి కాస్త ఆగుతుంది. ‘క్లయింట్లను ఎక్కడి నుంచి తేవాలి’ అన్నది రెండోది. బయటికి పోనక్కర్లేదు. ల్యాబ్ స్లాట్లు పంచే పని, ప్రాజెక్ట్ గైడ్లను కేటాయించే పని, పరికరాలు ఇచ్చిపుచ్చుకునే పని ప్రతి డిపార్ట్‌మెంట్‌లోనూ ఏదో ఒక స్ప్రెడ్‌షీట్‌లో నలుగుతూనే ఉంటాయి. ఆ ఆఫీసులో కూర్చునేవాళ్లే మీ క్లయింట్లు. వాళ్లు విసుక్కుంటారు, మాట మారుస్తారు, మీటింగ్‌కు రారు. అదంతా సిలబస్‌లో భాగమే అనుకోండి.

‘పునాదులు పడకుండా మార్పులేంటి’ అనే మాటలో మాత్రం న్యాయముంది. డేటాబేస్‌తో మాట్లాడే భాష ఎస్‌క్యూఎల్ రానివాడికి పాత సిస్టమ్ ఇస్తే మునుగుతాడు. అందుకే డేటాబేస్ పేపరు, ప్రోగ్రామింగ్ పేపరు ముందే ఉండాలి, చిన్న చిన్నవి సొంతంగా కట్టడం అక్కడే జరగాలి. ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్‌కు అంతర్జాతీయంగా ఉన్న నమూనా పాఠ్యక్రమంలో 2010లో ప్రోగ్రామింగ్‌ను తప్పనిసరి కోర్సుల్లోంచి తీసేసి, 2020లో మళ్లీ తెచ్చారు. డిజైన్ ఎక్కువ కావాలా, కోడింగ్ ఎక్కువ కావాలా అన్న ఈ ఊగులాట మీ కమిటీల్లోనూ చూసే ఉంటారు. ఒకే సిస్టమ్‌ను సెమిస్టర్ పొడుగునా మారుస్తూ ఉంటే, ఆ రెండింటికీ మధ్య గీత ఎక్కడ గీయాలన్న తగువే చాలావరకు రాదని నా అనుభవం.

అసలు కష్టం ఇంకోచోట ఉంది. దాన్ని దాటవేసి పిల్లల మీదో పరిశ్రమ మీదో మాట్లాడుకోవడం మనకు అలవాటైంది. ఏడాది పొడుగునా ఒక సిస్టమ్‌ను బతికించి ఉంచడానికి మనిషి కావాలి. సర్వర్ చూసుకోవాలి, ఏటా కోడ్ అందుకోవాలి, వాడేవాళ్లతో మాట్లాడుతూ ఉండాలి, గ్రూపుల మార్పులను విడివిడిగా చదివి మార్కులు వేయాలి. ఇదంతా ఇప్పుడున్న బోధనా గంటల్లోనే, ఉన్న జీతానికే చెయ్యమంటే ఏ అధ్యాపకుడూ చెయ్యలేడు. రెండు నెలలు చేసి మళ్లీ పాత టైటిళ్ల లిస్టు బోర్డు మీద అంటిస్తాడు, ఆయన తప్పేం లేదు. కాబట్టి కమిటీగా మీరు చేయాల్సిన మొదటి పని సిలబస్‌లో వాక్యం చేర్చడం కన్నా ముందే ఉంది. ఆ నిర్వహణను బోధనా భారంలో గంటలుగా లెక్కించండి. ఒక ల్యాబ్ అసిస్టెంట్‌ను దానికి కేటాయించండి. అది రాసివ్వకుండా మిగతావన్నీ ఆమోదిస్తే ఏమీ జరగదు.

మార్కుల సంగతి కూడా తేల్చాలి. ఇప్పుడు రిపోర్టు మందాన్ని, డెమోలో పేజీల సంఖ్యను చూసి వేస్తున్నాం. నలుగురిలో ఒకడు రాత్రంతా కోడ్ రాస్తే, ఒకరు రిపోర్టు టైపు చేస్తే, మిగతా ఇద్దరు స్పైరల్ బైండింగ్‌కు వెళ్లొస్తే నలుగురికీ ఒకే గ్రేడు. కోడ్‌లో ప్రతి మార్పునూ నమోదు చేసే వెర్షన్ కంట్రోల్‌లో పని చేయిస్తే ఎవరు ఏ మార్పు ఎప్పుడు చేశారో చాలావరకు అక్కడే ఉంటుంది. దానికి తోడు ఒక నిర్ణయాల పుస్తకం పెట్టించండి. ఏం మార్చాం, ఎవరిని అడిగాం, ఇంకే దారులున్నాయి, ఇదే ఎందుకు ఎంచుకున్నాం. మార్పుకు అరపేజీ చాలు. వైవాలో ఆ పుస్తకం తెరిచి ఏదో ఒక పేజీ మీద పది నిమిషాలు మాట్లాడితే, రిపోర్టు అంతా తిరగేసినదాని కన్నా ఎక్కువ తెలుస్తుంది.

అన్ని సెక్షన్లలోనూ ఒకేసారి మొదలుపెట్టమని అడగడం లేదు. లండన్ కథ చెప్పి మళ్లీ నేనే అలా అడిగితే బాగుండదు. ఒక్క సెక్షన్, ఒక్క సిస్టమ్, ఇష్టపడి ముందుకొచ్చే ఒక్క అధ్యాపకుడు లేదా అధ్యాపకురాలు చాలు. పాత పద్ధతి మిగతా సెక్షన్లలో పక్కనే నడుస్తూ ఉంటుంది కాబట్టి పోల్చి చూసుకోవచ్చు.

అదీ ఇప్పట్లో కుదరదంటే, వచ్చే పరీక్షలో వాటర్‌ఫాల్ పటం ప్రశ్న తీసేసి దాని స్థానంలో ఇది పెట్టండి, నమూనాగా రాసిస్తున్నాను:

“కింది మూడు టేబుళ్లతో ఒక లైబ్రరీ సిస్టమ్ నాలుగేళ్లుగా నడుస్తోంది. వచ్చే నెల ఒకటో తేదీ నుంచి జరిమానా రేటు సభ్యుల రకాన్ని బట్టి వేరువేరుగా ఉండాలని నిర్ణయించారు. (అ) పని మొదలుపెట్టే ముందు లైబ్రేరియన్‌ను మీరు అడగాల్సిన ప్రశ్నలు రాయండి. (ఆ) టేబుళ్లలో చేయాల్సిన మార్పులు చూపండి. పాత రిపోర్టులు ఎందుకు మారవో వివరించండి. (ఇ) మార్పు అమల్లోకి వచ్చే రోజు ఉదయం ఏదైనా తేడా వస్తే వెనక్కి ఎలా వెళతారో రాయండి.”

పది మార్కులు. ఇందులో ‘అ’కు కనీసం నాలుగు ఉండేలా చూడండి.

ఇట్లు,
ఆ పేపరు రాసి, ఇప్పుడు మీ విద్యార్థులతో కలిసి పనిచేస్తున్న ఒక పూర్వ విద్యార్థి